తండాలో తాగిన నీళ్లు
(శతవార్షికోత్సవ కూడికలలో ఒక సంఘ సభ్యుడు చేసిన ప్రసంగ పాఠం)



నూరేండ్ల చరిత్ర చెప్పడానికి పెద్దలు చాలామంది ఉన్నారు. 1822లో లండన్ మిషనువారు కడపలో అడుగుపెట్టిన సంగతి, ముత్యాలపాడు, నంద్యాల, కలసపాడు మిషన్ల సంగతి, జమ్మలమడుగు ఆసుపత్రి సంగతి ఈ సంచికలోనే మీరు చదువుకుంటారు. నాకిచ్చిన అంశం "సుగాలీల మధ్య సువార్త". దీని మీద చరిత్ర చెప్పేటంత చదువు నాకు లేదు. ఒక రోజు సంగతి మాత్రం బాగా తెలుసు. అది 1979 మే నెల. అప్పుడు నేను మిషను బడిలో కొత్తగా చేరిన అయ్యవారిని.

ఆ రోజు గురించి మేము పంపిన నివేదికలో నాలుగే వాక్యాలున్నాయి. పత్తికొండ పైన కొండల దగ్గర ఒక తండాను దర్శించితిమి, కరపత్రములు పంచితిమి, బీదలకు వస్త్రదానము చేసితిమి, ప్రజలు ఆసక్తితో ఆలకించిరి అని. వ్రాసినది నేనే. అందులో మొదటి రెండు వాక్యాలు నిజం.

సుగాలీలెవరో మీకు చెప్పనక్కరలేదు. సంతకు వచ్చే అద్దాల రవికెల ఆడవాళ్లను చూడనివారు మన కర్నూలు, కడప, అనంతపురం జిల్లాలలో లేరు. తెలంగాణలో లంబాడీలంటారు, ఉత్తరాదిన బంజారాలంటారు. ఇప్పుడు కట్టెల మోపుతో కనబడే ఈ జనం ఒకప్పుడు ఈ దేశానికి రవాణా శాఖ వంటివారు. వేలాది ఎద్దుల మీద పెరికెలు వేసి సముద్రతీరం నుంచి ఉప్పు, మైదానాల నుంచి ధాన్యం మోసి తెచ్చేవారు. మొగలాయి సైన్యాలకూ వాళ్లే, టిప్పు సుల్తాను మీదికి వచ్చిన ఇంగ్లీషు సైన్యాలకూ వాళ్లే గింజలు చేరవేశారు. తరువాత రోడ్లు పడ్డాయి, రైలు వచ్చింది. కడప మీదుగా వచ్చిన మద్రాసు రైలుమార్గం 1871లో రాయచూరు దగ్గర బొంబాయి మార్గంతో కలిసింది. ఎద్దుల పని అయిపోయింది. అదే 1871లో దొరతనంవారు నేరస్థ జాతుల చట్టం చేశారు. తిరిగి బ్రతికేవాడికి తిరిగే పని పోయిన ఏడే, తిరగడం నేరమని చట్టం రావడం చూడండి! 1911లో ఆ చట్టాన్ని మన మద్రాసు రాజధానికి కూడా వర్తింపజేశారు. ఎరుకలవారు, దొమ్మరులు, ఒడ్డెలు, సుగాలీలు, ఇంకా ఎన్నో కులాలవారు దాని కింద నలిగారు.

పాశ్చాత్య దేశాలలో జిప్సీలని పిలవబడేవారు వీళ్లకు అన్నదమ్ములని మన పత్రికలలో తరచు వ్రాస్తుంటారు. ఆ జనం తమను తాము రోమా అని చెప్పుకుంటారు. వారు సుమారు వెయ్యేండ్ల క్రిందట మన దేశం నుంచి వెళ్లినవారేనని భాషా పండితులు నిర్ణయించారు. వారి అంకెలు యేఖ్, దుయ్, త్రిన్ అని మొదలవుతాయి. సుగాలీలు ఏక్, ది, తీన్ అంటారు. నీళ్లకు ఇద్దరూ పానీ అనే అంటారు. అయితే రోమా భాషలో ఏడు, ఎనిమిది, తొమ్మిది గ్రీకు మాటలు. దారిలో గ్రీకుల మధ్య ఎంతకాలం ఉన్నారో ఆ మూడు అంకెలే సాక్ష్యం. కాని రోమా జనం సుగాలీల నుంచే విడిపోయారనడానికి రుజువు లేదు. ఒకే పెద్ద భాషాకుటుంబంలోని దూరపు చుట్టాలు అనుకుంటే చాలు. 1971 ఏప్రిల్‌లో లండను దగ్గర రోమా ప్రజలు తమ మొదటి ప్రపంచ మహాసభ జరుపుకొని, తమ పతాకం మీద మన అశోక చక్రాన్ని పోలిన చక్రాన్ని ఉంచుకున్నారు. ఇక వాళ్లు పడిన బాధలంటారా, రుమేనియా ప్రాంతంలో 1850ల దాకా బానిసలుగా ఉన్నారు. హిట్లరు కాలంలో లక్షల మందిని చంపారు.

మన పెద్దలలో కొందరికి జిప్సీ స్మిత్ పేరు తెలిసే ఉంటుంది. 1860లో ఇంగ్లండులో ఒక డేరాలో పుట్టాడు. బడి ఎరుగడు, చదువు తనంతట తానే నేర్చుకొన్నాడు. విలియం బూతు గారి వద్ద సువార్తికుడుగా చేరాడు. ప్రజలు ప్రేమతో ఇచ్చిన బంగారు గడియారం పుచ్చుకున్నాడని 1882లో రక్షణ సైన్యంవారు తీసివేశారు. ఆ తరువాత దేశదేశాలు తిరిగి ప్రసంగించాడు. అతడు సూటు వేసుకున్నా, జిప్సీ అనే మాటను మాత్రం పేరులో నుంచి తీసివేయలేదు. ఈ సంగతి జ్ఞాపకముంచుకోండి, మళ్లీ వస్తాను.

ఇక ఆ మే నెలకు వద్దాం. గురువుగారు, ఉపదేశిగారు, స్త్రీల మైత్రి నుంచి ఇద్దరు, యువజనులు ఇద్దరు, నేను. మొత్తం ఏడుగురం. బస్సు దిగి, ఒక ఊరి గేరిలో మన సంఘస్థుల ఇంట్లో సద్ది తిని, అక్కడి నుంచి సుమారు రెండు మైళ్లు నడిచాము. మూడు మూటల పాత బట్టలు తల మీద. ఎండ సంగతి మీకు తెలిసిందే. దారిలో ఒక వేపచెట్టు కూడా లేదు.

తండాలో ముప్పై గుడిసెలుంటాయేమో. నాయక్ ఎదురు వచ్చి మంచం వేశాడు. లోపలికి కేక వేస్తే ఒక ముసలామె నిండు కడవ తెచ్చింది. ఎండన పడి వచ్చామేమో, చెంబు వెంబడి చెంబు తాగాము. ముఖాలు కడుక్కున్నాము. యువజనులలో ఒకడు కాళ్లు కూడా కడుక్కున్నాడు. కడవ అయిపోయింది.

తరువాత పాట, ప్రార్థన, వాక్యం. గురువుగారు సమరయ స్త్రీ బావి దగ్గర ప్రభువును కలిసిన భాగం మీద మంచి ప్రసంగమే చేశారు. పుస్తకాల తెలుగు. ఆడవాళ్లు కొంగులు సర్దుకుంటూ మా ముఖాలు చూస్తూ కూర్చున్నారు. వాళ్లు సంతలో మాట్లాడే తెలుగు వేరు, ఇంట్లో మాట్లాడుకునే గోర్ మాట వేరు. మా మాటలు ఆ రెండింటిలో ఏదీ కాదు.

ఆపైన మూటలు విప్పాము. చీరలు ఒకరి చేతి నుంచి ఒకరి చేతికి పోయి మళ్లీ మూట మీదికే వచ్చాయి. ఒక పిల్ల పకపక నవ్వింది. నీళ్లు తెచ్చిన ముసలామె అంది: "ఇది కట్టుకుంటే నన్ను సుగాలోళ్ల బిడ్డ అని యెవురనుకుంటారు సామీ? మేం కూలి చేస్తాం. అడుక్కోం." తన రవికెకున్న అద్దాలు, గవ్వలు తన తల్లి కుట్టినవట. మా స్త్రీల మైత్రి అమ్మగారు నచ్చజెప్పబోయారు. మీరూ మావలె శుభ్రంగా చీరలు కట్టుకుంటే దేవుని మందిరానికి రావచ్చును కదా అన్నారు. ఆ మాట ఆమె ఒక్కరి మాట కాదు, మా ఏడుగురి మనసులోనూ ఉన్నది. బట్ట మారిన తరువాతనే మనిషి మారినట్టు లెక్క వేసేవాళ్లం. జిప్సీ స్మిత్ కథను బడిలో పిల్లలకు చెప్పేవాడిని నేను!

బయలుదేరేముందు మరికాసిని నీళ్లు అడిగాడు మావాడు. నాయక్ కొంచెం తడబడ్డాడు. ఇంట్లో లేవన్నాడు. తెల్లవారుజామున ఒక రైతు మోటబావి నుంచి తెచ్చుకుంటారట, పోను రాను నాలుగు మైళ్లు. మేము తాగింది, కాళ్లు కడుక్కున్నది, ఆ ఇంటి ఆ పూట నీళ్లు. గేరిలో బోరింగు ఉంది కదా, దగ్గరే కదా అని ఉపదేశిగారు అన్నారు. నాయక్ కోపం లేకుండానే చెప్పాడు: "ఆ బోరింగు కాడ మీవోళ్లు మా ఆడోళ్లను నిలబడనీరయ్యా. సుగాలోళ్లు వస్తే బిందెలు పోతాయంటారు."

మేము సద్ది తిని వచ్చింది ఆ గేరిలోనే.

తిరిగి వచ్చేటప్పుడు ఎవరమూ మాట్లాడలేదు. మూటలు మళ్లీ తల మీదికెక్కాయి. ఆ రాత్రే గురువుగారు గేరి సంఘస్థులను మందిరంలో కూర్చోబెట్టారు. పెద్ద తగవు అయింది. అందరికంటే గట్టిగా అడ్డం తిరిగింది ఒక పెద్దాయన. "మా అబ్బను ఊరిబావి ఛాయలకు రానిచ్చినారా? ఆఫీసుల చుట్టూ తిరిగి, కొట్లాడి ఈ బోరింగు తెచ్చుకున్నాం. ఎండాకాలం మాకే చాలదు. వాళ్లకెందుకియ్యాల?" అన్నాడు. ఆయన మాట అబద్ధం కాదు, అదే బాధ. మూడు నెలలు ఈ గొడవ నడిచింది. రెండు కుటుంబాలు మందిరానికి రావడం మానుకున్నాయి. చివరికి కుదిరిన రాజీ ఏమంటే, గేరివాళ్లందరూ పట్టుకున్న తరువాత, రాత్రి తొమ్మిదింటి పైన తండావాళ్లు పట్టుకోవచ్చునని. ఆ రాజీకి నేనూ తల ఊపాను. చీకట్లో రెండు మైళ్లు నీళ్లు మోసే ఆడవాళ్లను తలచుకుంటే ఇప్పటికీ సిగ్గే. కొన్నేండ్లకు తండాకే సర్కారు బోరు పడింది. అది మన సంఘం చేసిన పని కాదు.

ఇక్కడ మిషన్ల చరిత్రలోని ఒక సంగతి దాచకుండా చెప్పాలి. నేరస్థ జాతుల చట్టం కింద పట్టుకున్నవాళ్లను ఉంచడానికి ప్రభుత్వం సెటిల్‌మెంట్లు పెట్టినప్పుడు, వాటిలో కొన్నింటిని నడపడానికి మిషన్లు ఒప్పుకున్నాయి. బాపట్ల దగ్గర స్టూవర్టుపురం రక్షణ సైన్యంవారిది. కావలి అమెరికన్ బాప్టిస్టులది. అక్కడ బడి ఉంది, పని ఉంది, వైద్యం ఉంది. హాజరు పట్టీ కూడా ఉంది. చెప్పకుండా పొలిమేర దాటితే శిక్ష కూడా ఉంది. దొరగారే పాదిరి, దొరగారే జైలరు. ఆ సేవను నేను తీసివేయడం లేదు. అక్కడ చదువుకొని పైకి వచ్చిన కుటుంబాలున్నాయి. కాని 1952లో చట్టం రద్దయినా, సుగాలోళ్లు వస్తే బిందెలు పోతాయనే మాట గేరిలో రద్దు కాలేదంటే, ఆ మాట ఎక్కడెక్కడి నుంచి వచ్చిందో మనమూ వెదకాలి గదా.

ఆ తండాకు నేను మళ్లీ మళ్లీ పోయాను. మొదట ఆరు నెలల దాకా పోలేదు, ముఖం చెల్లలేదు. పోయినప్పుడు నన్ను చూసి పిల్లలు "పాతగుడ్డల అయివారు" అని అరిచారు. ఆ పేరు ఇప్పటికీ పోలేదు. ముసలామె దగ్గర కూర్చుని వాళ్ల మాట నేర్చుకున్నాను. యాడి అంటే అమ్మ. నాకు మాట తప్పిపోయినప్పుడల్లా ఆమె చేతి గాజులు గలగలమనేట్టు నవ్వేది. ఆమె బాప్తిస్మం తీసుకోలేదు. నేనూ బలవంతపెట్టలేదు. ఒకసారి మాత్రం, "మీ దేవునికి మా మాట వచ్చునా?" అని అడిగింది. అప్పుడు నా దగ్గర జవాబు లేదు. ఇప్పుడు లంబాడీ భాషలో కొత్త నిబంధన ఉంది. ఆమె లేదు.

తరువాత కాలంలో ఆ తండాలో కొన్ని ఇండ్లవారు ప్రభువును నమ్ముకున్నారు. ఆడవాళ్లు వాళ్ల బట్టలతోనే మందిరంలో కూర్చుంటారు. వాళ్ల రాగాలతోనే పాడతారు. సంవత్సరంలో కొన్ని నెలలు మాత్రం మందిరానికి తాళమే. మిరపకాయలు కోయడానికి గుంటూరు వైపు పిల్లాజెల్లలతో వలస పోతారు. బడి పిల్లలు కూడా పోతారు. ఇక ఒక చిక్కు ప్రశ్న. నమ్ముకున్నా వాళ్ల షెడ్యూల్డు తెగ హక్కు పోదు, చట్టంలో తెగలకు మతం అడ్డం కాదు. మనవాళ్ల సంగతి మీకు తెలుసు. 1950 నాటి ఉత్తర్వు ప్రకారం మాల మాదిగలు క్రైస్తవులమని చెప్పుకుంటే ఎస్సీ హక్కు పోతుంది. అందుకే మందిరం రిజిస్టరులో ఒక పేరు, బడి రిజిస్టరులో ఒక పేరు. "వాళ్లకు రెండూ ఉన్నాయి, మనకు లేవు" అని మన కుర్రవాళ్లు నాతో అంటుంటారు. వాళ్ల మాటలో న్యాయం ఉంది. ఆ కోపం ఢిల్లీ మీద చూపవలసింది. తండా మీద చూపితే మళ్లీ బోరింగు దగ్గరికే వస్తాము.

సమయం మించిపోయిందని అధ్యక్షులవారు గడియారం చూస్తున్నారు. ఒక్క ప్రకటన చేసి కూర్చుంటాను. వచ్చే నెల మూడవ ఆదివారం ఆరాధన కాగానే తండాకు పోతున్నాము. వలస పోయినవాళ్లు ఆ వారంలో తిరిగి వస్తారు, పిల్లలను మళ్లీ బడిలో చేర్పించే పని ఉంది. దరఖాస్తులు నింపగలిగినవాళ్లు కావాలి. గేరి నుంచి ఇద్దరు వస్తామన్నారు. వారిలో ఒకరు ఆనాడు అడ్డం తిరిగిన పెద్దాయన మనుమరాలు, టీచరు ట్రైనింగు అయిన అమ్మాయి. ఎవరి నీళ్లు వాళ్లు సీసాలలో తెచ్చుకోండి. బట్టల మూటలు మాత్రం ఎవరూ తేవద్దని మనవి.