చెప్పుకునే చోటు
(స్వర్ణోత్సవ సభలో ఒక విశ్రాంత ఉపాధ్యాయుని ప్రసంగ పాఠం)

 

ఇప్పటిదాకా మాట్లాడినవాళ్ళలో చాలామంది తాము తిన్న దెబ్బల గురించి చెప్పారు. గోడకుర్చీ, తొడపాశం, వేళ్ళ మధ్య పెన్సిలు పెట్టి నొక్కడం, ఎండలో మోకాళ్ళ మీద నిలబెట్టడం. చెప్పిన ప్రతిసారీ సభంతా నవ్వింది. నేనూ నవ్వాను. చివరికి అందరూ తేల్చింది ఒకటే: ఆనాడు మాస్టార్లు అలా కొట్టబట్టే మేం ఇలా ఉన్నాం, ఇప్పుడు బెత్తంతో పాటే పిల్లల్లో భయమూ పోయింది, భక్తీ పోయింది.

ఆ మాటతో నాకు పేచీ ఉంది. దెబ్బలు తిని పైకొచ్చినవాళ్ళు ఈ పందిట్లో ఉన్నారు. దెబ్బలకు జడిసి మూడో తరగతిలోనే పలక పారేసి గేదెల వెంట పోయినవాళ్ళు ఈ పందిట్లో లేరు. వాళ్ళకు ఆహ్వానం కూడా వెళ్ళి ఉండదు. మన సంఘం జాబితా ఐదో తరగతి పూర్తిచేసినవాళ్ళ పేర్లతో తయారైంది కదా. దాని పక్కన ఒకటో తరగతి ప్రవేశాల రిజిస్టరు పెట్టి చూడండి. మధ్యలో రాలిపోయిన పేర్లు ఎన్నో తెలుస్తుంది. అందరూ దెబ్బల వల్లే పోయారని అనను. కూలికీ, పెళ్ళికీ, చెల్లెల్ని ఎత్తుకోవడానికీ పోయినవాళ్ళూ ఉన్నారు. కానీ బడి అంటే వణికిన పిల్లవాణ్ణి బలవంతంగా తీసుకొచ్చే ఓపిక కూలి ఇళ్ళల్లో ఎవరికి ఉంటుంది?

ఇంకో సంగతి. మీ మాస్టారి మీద మీకున్న ప్రేమ దెబ్బల వల్ల పుట్టింది కాదు. జ్వరమొస్తే ఇంటికొచ్చి చూసినందుకు, పలక కొనిపెట్టినందుకు, పేరు పెట్టి పిలిచినందుకు పుట్టింది. దెబ్బలు దాని పక్కన కూర్చుని ఆ పేరు కొట్టేశాయి.

2009 విద్యాహక్కు చట్టం 17వ సెక్షను పిల్లల్ని కొట్టడాన్నీ, మాటలతో హింసించడాన్నీ నిషేధించింది. 2010 ఏప్రిల్ 1 నుంచి అది అమల్లో ఉంది. మాటల హింస అనేదాన్ని మనం తేలిగ్గా తీసుకుంటాం. నల్లోడా, కుంటోడా, మొద్దోడా అని ఉపాధ్యాయుడు ఒక్కసారి పిలిస్తే చాలు, ఆ బిడ్డకు ఐదేళ్ళూ తరగతిలో అదే పేరు. పిల్లలు ఒకరినొకరు ఏడిపించుకోవడం మానాలని మనం ప్రార్థన దగ్గర చెబుతాం. ఆ మాటలు వాళ్ళకు ఎక్కణ్ణుంచి వచ్చాయో మాత్రం వెతకం.

చట్టం సరే. బెత్తం ఎందుకు పోవాలో చెప్పడానికి నా దగ్గర చట్టం కంటే గట్టి కారణం ఉంది. భయపడే పిల్ల ఏదీ చెప్పదు. ఆరేళ్ళ బిడ్డకు ఆపద వస్తే అది ఫిర్యాదు రూపంలో రాదు. "టీచర్, కడుపు నొప్పి" అంటుంది. "ఆ ఆటోలో ఎక్కను" అంటుంది. కలివిడిగా ఉండే పిల్ల వారం రోజులు మూల కూర్చుంటుంది. అన్నం కెలుకుతుంది. మూడు రోజులు బడికి రాదు. నాలుగో రోజు వస్తే మనం "ఎందుకు రాలేదే?" అని గద్దిస్తామా, "ఏమ్మా, ఒంట్లో బాగాలేదా?" అని దగ్గరికి పిలుస్తామా అన్నదాని మీద ఆ పిల్ల మనకు చెప్పేదీ చెప్పనిదీ ఆధారపడి ఉంటుంది. గద్దిస్తే జ్వరం అని అబద్ధం చెప్పి కూర్చుంటుంది. ఆ అబద్ధం మనం నేర్పిందే.

2012లో పోక్సో చట్టం వచ్చింది. ఆ ఏడాది నవంబరు 14న, బాలల దినోత్సవం రోజునే అమల్లోకి వచ్చింది. పిల్లలపై లైంగిక నేరం జరిగిందని తెలిసినవాళ్ళు పోలీసులకు చెప్పి తీరాలి, దాచడం నేరం. "బడి పరువు పోతుంది, ఊళ్ళో పెద్దల మధ్య సర్దుకుందాం" అనే మాటకు ఇందులో చోటు లేదు. 1098 నంబరు మన వరండా గోడ మీద రాసి ఉంది. మంచిదే. అయితే ఒకటో తరగతి పిల్ల ఫోన్ ఎక్కణ్ణుంచి తెస్తుంది? ఆ పిల్లకు మొదటి 1098 హాజరు పిలిచే టీచరే. హాజరు పిలిచేటప్పుడు పట్టీలోకి చూస్తూ పిలవకండి, ముఖాల్లోకి చూస్తూ పిలవండని కొత్తగా ఉద్యోగంలో చేరినవాళ్ళకు నేను చెబుతుంటాను. ఆ ఐదు నిమిషాల్లో ఎవరు నిద్రపోలేదో, ఎవరు ఏడ్చి వచ్చారో, ఎవరి చేతి మీద కొత్త వాత ఉందో తెలిసిపోతుంది. ఖర్చు లేని పని.

ఇక మరుగుదొడ్ల మాట. సభల్లో దీని గురించి ఎవరూ మాట్లాడరు, కాబట్టి నేనే మాట్లాడతాను. గది ఉంటుంది, నీళ్ళుండవు. లేదా తాళం ఉంటుంది. ఆడపిల్లలు దానికి జడిసి పొద్దుట నుంచి మంచినీళ్ళు తాగరు. సాయంత్రానికి తలనొప్పి, మంట, జ్వరం. 2019లో కేరళలో కొన్ని బడులు పిల్లలకు నీళ్ళు తాగమని గుర్తుచేస్తూ నీటి గంట కొట్టడం మొదలుపెడితే మన దగ్గరా కొన్నిచోట్ల అందుకున్నారు. మంచి పని. కానీ దొడ్లో నీళ్ళు లేకుండా నీటి గంట కొడితే పిల్లలు నవ్వుకుంటారు.

శీలం గురించి మాట్లాడమని కార్యదర్శిగారు ప్రత్యేకంగా చెప్పారు. శతక పద్యాలు కంఠస్థం చేయించాలి, నాకు అభ్యంతరం లేదు. కానీ మంచి నడవడి ఎక్కడ అబ్బుతుందో చూడాలంటే మధ్యాహ్నం వంటగది దగ్గరికి రండి. 2001 నవంబరులో సుప్రీంకోర్టు వండిన భోజనం పెట్టాలని ఉత్తర్వు ఇస్తే, మన ఉమ్మడి రాష్ట్రంలో 2003 జనవరిలో అది మొదలైంది. ఒకే వరసలో, ఒకే అన్నం. ఏ ఇంటి పిల్ల పక్కన ఏ ఇంటి పిల్ల కూర్చుందో చూడకుండా వడ్డిస్తే సమానత్వం మీద వేరే పాఠం అక్కర్లేదు. ఎవరు వండారో చూసి పిల్లకు ఇంటి నుంచి క్యారేజీ పంపితే, ఆ పాఠమూ పిల్లకు అందుతుంది. ఐదో తరగతివాళ్ళు ఒకటో తరగతివాళ్ళ చేతులు కడిగించి, వాళ్ళకు వడ్డించాకే తాము కూర్చునే పద్ధతి మన బడిలో ఇప్పటికీ ఉంది. దాన్ని పోనివ్వకండి.

రబ్బరు పోయిందని ఒక పిల్లవాడు ఏడిస్తే అందరి సంచులూ బోర్లించి వెతకడం మరో అలవాటు. దొరికితే ఒకడు జీవితాంతం దొంగ. దానికి బదులు బల్ల మీద ఒక అట్టపెట్టె పెట్టండి. దొరికిన వస్తువు ఎవరైనా అందులో వేయవచ్చు, ఎవరు వేశారని అడగకూడదు. తీసినవాడికి తిరిగి ఇచ్చే దారి దొరుకుతుంది.

చివరిగా ఒక తేదీ. 2004 జూలై 16న తమిళనాడు కుంభకోణంలో ఒక బడిలో వంట దగ్గర పుట్టిన నిప్పు ఆకుల కప్పుకు అంటుకుని 94 మంది చిన్నపిల్లలు చనిపోయారు. సరిగ్గా తొమ్మిదేళ్ళకు, 2013 జూలై 16న బీహార్ సారణ్ జిల్లా గండామన్ గ్రామంలో మధ్యాహ్న భోజనం తిని 23 మంది పిల్లలు చనిపోయారు. వంటనూనెలో పురుగుమందు కలిసింది. నూనె తేడాగా ఉందని వంటమనిషికి అనుమానం వచ్చిందనీ, ఆ మాట చెల్లలేదనీ అప్పటి పత్రికల్లో వచ్చింది. బడిలో అందరికంటే కింద ఉన్న మనిషి మాట వినకపోతే ఏమవుతుందో చెప్పడానికి ఇంతకంటే ఉదాహరణ నేను ఇవ్వలేను. వడ్డించే ముందు ఉపాధ్యాయుల్లో ఒకరు రుచి చూడాలన్న నియమం ఉంది. సంతకం కోసం కాదు, నిజంగా తినాలి. కుంభకోణం తర్వాత, 2009లో, ప్రతి బడిలో మంటలార్పే పరికరాలు ఉండాలని సుప్రీంకోర్టు చెప్పింది. మన బడిలో ఉన్న ఎర్ర సిలిండరు మీద గడువు తేదీ చదవడానికి నిన్న ప్రయత్నించాను. అక్షరాలు చెరిగిపోయి కనిపించలేదు.

మన సంఘం ఈ స్వర్ణోత్సవానికి గుర్తుగా తోరణ ద్వారం కట్టించాలని నిర్ణయించిందని విన్నాను. దాతల పేర్లు చెక్కించడానికి పాలరాయి కూడా చూశారట. కాదనను గానీ, వెనక కాలువ వైపు ప్రహరీ గోడ పడిపోయి ఉంది. ఇంటర్వెల్లులో బంతి అటు పోతే దాని వెనకే పిల్లలు పోతున్నారు. ముందు ఆ గోడ కట్టించండి, దొడ్లలో నీళ్ళకు మోటారు పెట్టించండి. పేర్లు ఆ గోడ మీదే చెక్కించుకోండి, కాలువ గట్టు మీద వెళ్ళే ప్రతివాళ్ళూ చదువుతారు.

ఇంకొక్క కోరిక. ఏటా జూలై 16న మీలో నలుగురు బడికి రండి. గ్యాస్ గొట్టం, కరెంటు తీగలు, మంచినీళ్ళ ట్యాంకు, నూనె డబ్బాలు, గేటు, ఆటోలో ఎక్కే పిల్లల లెక్క, ఇవన్నీ ఒక పూట చూసి ప్రధానోపాధ్యాయురాలికి కాగితం మీద రాసి ఇవ్వండి. మీలో డాక్టర్లు ఉన్నారు, ఎలక్ట్రీషియన్లు ఉన్నారు, ఇంజినీర్లు ఉన్నారు. ఆ పూట పిల్లల పక్కన కూర్చుని ఆ అన్నమే తినండి. వచ్చేవాళ్ళు తమ పేర్లు, ఫోను నంబర్లు ఈరోజే కార్యదర్శిగారి పుస్తకంలో రాయండి. బడి తొమ్మిదింటికి మొదలవుతుంది. నేను ఎనిమిదిన్నరకే గేటు దగ్గర ఉంటాను.