వైద్యుడును లెక్కలవాడును



ఊరిలో ఒకరికి జబ్బు చేసినచో వైద్యుని పిలుతుము. ఒకే జబ్బు ఒక ఊరిలో పలువురకు వచ్చి, అట్టిదే మరియొక ఊరిలో ఎవరికిని రాకున్నచో ఎవరిని పిలువవలెను? నేటి నా ప్రసంగమునకు ఈ ప్రశ్నయే మూలము.

పెల్లాగ్రా అను వ్యాధి కలదు. ఎండ తగిలినచోట చర్మము నల్లబడి పగులును, విరేచనములు పట్టును, ముదిరినచో మతి చలించును. పూర్వము అమెరికా దక్షిణ రాష్ట్రములలో ఇది వేలకొలది ప్రాణములను బలిగొన్నది. అంటువ్యాధి యని పలువురు వైద్యులు నమ్మిరి. 1914లో ప్రభుత్వము పంపగా జోసెఫ్ గోల్డ్‌బెర్గర్ అను వైద్యుడు అచటి శరణాలయములను పరిశీలించెను. అందుండువారికి వ్యాధి వచ్చుచున్నది గాని, పరిచర్య చేయువారికి రాలేదు. అంటునదైనచో వారిని మాత్రము విడుచునా? దోషము తిండిలోనిదని ఆయన తలచెను.

అయినను పేదవాడు ఆ తిండియే యేల తినుచున్నాడు? ఇది నాడి చూచి చెప్పదగినది కాదు. అందుచేత ఆయన ఎడ్గార్ సైడెన్‌స్ట్రికర్ అను అర్థశాస్త్రజ్ఞుని తోడు చేసికొనెను. 1916లో వారు దక్షిణ కరొలినాలోని ఏడు నూలుమిల్లు గ్రామములలో ఇంటింట విచారించిరి. రోగులను లెక్కించుటయే కాక, రాబడి యెంత, అంగడిలో ఏమి కొనిరి, ఇంట ఆవు కలదా యని వ్రాసికొనిరి. రాబడి తగ్గినకొలది వ్యాధి హెచ్చుగా నుండెను. అంతకంటె వింత యొకటి: రాబడి ఇంచుమించు సమానమైనను ఒక గ్రామమున వ్యాధి మిక్కుటము, మరొకట లేనే లేదు. మొదటిదాని చుట్టును పత్తియే. తాజా తిండి అంగటికి వచ్చుట అరుదు. రెండవదానికి చుట్టుపట్ల రైతులు పలువిధములైన పంటలు పండించి తెచ్చుచుండిరి. కొదువైన పదార్థము నికోటినిక్ ఆమ్లమని 1937లో గాని తేలలేదు. 21 సంవత్సరములు ముందే వీరి లెక్కలు దారి చూపినవి.

ఇది పరుల కథ యనుకొనకుడు. జొన్నయే ముఖ్యాహారమైన దక్కను పేదకూలీలలోను ఈ వ్యాధి కనబడెను. హైదరాబాదులో డాక్టరు గోపాలన్, డాక్టరు శ్రీకంఠయ్య దానిని విచారించి, జొన్నలో ల్యూసిన్ అను పదార్థము హెచ్చుగా నుండుట ఒక కారణమని 1960లో ప్రకటించిరి. దీనిపై పండితులలో భేదాభిప్రాయములు కలవు. జొన్నను నిందింపవలదు; పప్పు, పాలు, ఆకుకూర తోడైనచో గటక మంచి తిండియే. ఆ తోడు ఏల కరవైనదో ప్రయోగశాల చెప్పలేదు. కూలి రేటు చెప్పును, అప్పుల పద్దు చెప్పును.

నేడు మన ఓరుగల్లు సీమలో పత్తి విరివిగా పండుచున్నది. పత్తిని నేను తప్పుపట్టను. కూలివాని కంచములో అన్నముతోబాటు ఏమున్నదో కనిపెట్టుచుండవలెనని మాత్రమే నా మనవి.

ఇట్టి ఉమ్మడి విచారణకు ఏండ్లు పట్టును, ధనము పట్టును. ఆసుపత్రి భవనమువలె కంటికి కనబడదు గనుక దానికి సొమ్మిచ్చుటకు చేయి వెనుకాడును. పెద్దలు దానిని కోరవలెను. మీ యూరికి రక్తపరీక్షకు వచ్చువానిని, రాబడి, అప్పు, ఇంట చివర తినువారెవరు అని అడుగువాడు వెంట వచ్చెనా యని ప్రశ్నింపుడు. వచ్చినచో నిజము చెప్పుడు. సిగ్గుపడి లేనిది ఉన్నదనకుడు. తేలిన సంగతిని తిరిగి వచ్చి ఊరిలో చెప్పుమని అడుగుడు. అది మీకు రావలసిన బాకీ.