ఆక్స్‌ఫర్డ్‌లో శని, ఆదివారాలు

(సంఘం వార్షిక సర్వసభ్య సమావేశంలో ఒక విశ్రాంత సబ్ పోస్టుమాస్టరు చేసిన ప్రసంగ పాఠం)



అమెరికా వెళ్లివచ్చినవారిని ఇక్కడ మాట్లాడమంటే నయాగరా జలపాతం గురించో, న్యూయార్కు మేడల గురించో చెప్పడం మన సంఘంలో ఆనవాయితీ. మనలో చాలామంది పిల్లలు అక్కడే ఉన్నారు కనుక అవన్నీ మీరు చూసినవే, లేదా ఫొటోల్లో చూసి విసిగినవే. అందుచేత మనవాళ్లు పెద్దగా వెళ్లని ఒక చిన్న ఊరి గురించి చెబుతాను. ఆ ఊరి పేరు ఆక్స్‌ఫర్డ్. ఇంగ్లండులోది కాదు. అమెరికా దక్షిణాదిలో, మిసిసిపీ రాష్ట్రంలో ఉన్న ఆక్స్‌ఫర్డ్.

మా అమ్మాయి, అల్లుడు టెనెసీ రాష్ట్రంలోని మెంఫిస్‌లో ఉంటారు. అక్కడినుంచి ఆక్స్‌ఫర్డ్ సుమారు 80 మైళ్లు, కారులో గంటన్నర. మనవరాలు హైస్కూలు చివరి సంవత్సరంలో ఉంది. దరఖాస్తులు పెట్టేముందు ఆయా కాలేజీల ఊళ్లు ఒకసారి చూసి రావడం అక్కడి పద్ధతి. “తాతయ్యా, మీరూ అమ్మమ్మా కూడా రండి” అంది. శనివారం పొద్దున్నే పులిహోర, పెరుగన్నం కట్టుకుని బయలుదేరాం.

ఈ ఊరి పుట్టుక తమాషాగా ఉంటుంది. 1837లో ఊరు వెలిసినప్పుడు అక్కడ కాలేజీ లేదు, ఏమీ లేదు. ఆక్స్‌ఫర్డ్ అని పేరు పెడితే రాష్ట్ర విశ్వవిద్యాలయం తమ ఊరికి రాకపోతుందా అని ఆశపడి ఆ పేరు పెట్టుకున్నారు. వచ్చింది! 1844లో అనుమతి, 1848లో 80 మంది విద్యార్థులతో పాఠాలు. బిడ్డ పుట్టకముందే ఉయ్యాల కట్టినట్టన్నమాట. ఇప్పుడు ఊరి జనాభా 2020 లెక్కల ప్రకారం పాతికవేలు. విద్యార్థులే ఇరవై వేల పైచిలుకు.

ఊరి నడిబొడ్డున ఒక చౌకు. మధ్యలో తెల్లటి కోర్టు భవనం, దానికి గడియారం. అంతర్యుద్ధంలో 1864లో ఉత్తరాది సైన్యం ఊరి నడిబొడ్డును తగలబెట్టింది. ఇప్పుడున్న కోర్టు ఆ తర్వాత 1872లో కట్టినది. చుట్టూ రెండంతస్తుల పాత దుకాణాలు, పైన వసారాలు. 1839లో మొదలైన నీల్సన్స్ అనే దుకాణం ఒకవైపు, 1979లో మొదలైన స్క్వేర్ బుక్స్ అనే పుస్తకాల షాపు ఇంకోవైపు. ఎదురైన ప్రతివాడూ ముఖం చూసి పలకరిస్తాడు. మా ఇంటావిడను “అమ్మా” అనే అర్థం వచ్చేట్టు “మేమ్” అని సంబోధిస్తుంటే ఆవిడ పొంగిపోయింది. ఉక్కపోత కూడా అచ్చం మన కోస్తా ఉక్కపోతే. హోటల్లో బెండకాయ వేపుడు, బొబ్బర్ల కూర, మొక్కజొన్న రవ్వతో సంకటి వంటిది పెట్టారు. ఆ బెండకాయ, బొబ్బర్లు ఆఫ్రికానుంచి బానిసలుగా తెచ్చిన మనుషులతోపాటు ఆ నేలకు చేరినవే. ఆ ఊళ్లో ఏది ముట్టుకున్నా అడుగున ఈ చరిత్ర తగులుతుంది.

ఇక మన శాఖ సంగతికి వస్తాను. ఆ విశ్వవిద్యాలయానికి సొంత పోస్టాఫీసు ఉంది. ఊరికి 38655, విశ్వవిద్యాలయానికి 38677. అమెరికాలో ఈ జిప్ కోడు 1963లో వచ్చింది. మన పిన్ కోడు 1972లో వచ్చిందని ఇక్కడ ఎవరికీ గుర్తుచేయనక్కరలేదు. 1921 చివరినుంచి 1924 దాకా ఆ పోస్టాఫీసుకు పోస్టుమాస్టరు ఎవరనుకున్నారు? విలియం ఫాక్నర్. తర్వాత 1949 సంవత్సరపు నోబెల్ సాహిత్య బహుమతి అందుకున్న ఫాక్నరే. జీవితంలో ఎక్కువ భాగం ఆ ఊళ్లోనే ఉన్నాడు. 1930లో కొన్న పాత ఇల్లు, పేరు రోవన్ ఓక్, ఇప్పుడు విశ్వవిద్యాలయం చేతిలో ప్రదర్శనశాలగా ఉంది. దేవదారు జాతి చెట్ల బాట వెంట నడిచి వెళ్లాం. రాసుకునే గది గోడమీద ఒక నవల ప్రణాళికను వారాల పేర్లతో సహా తన చేత్తో రాసుకున్నాడు. అది చెరగకుండా అలాగే ఉంచారు.

రచయితగా అంతటివాడు, పోస్టుమాస్టరుగా మాత్రం మన ఇన్‌స్పెక్టర్లెవరూ భరించలేని మనిషి. (నవ్వులు) కౌంటరు దగ్గర ఎవరైనా నిలబడితే లేచేవాడు కాదనీ, ఇతరుల పత్రికలు ముందు తాను చదువుకునేవాడనీ, లోపల పేకాట నడిచేదనీ, కొన్ని ఉత్తరాలు చెత్తబుట్టలోంచి దొరికాయనీ ఫిర్యాదులు. 1924లో ఇన్‌స్పెక్టరు అభియోగాల పత్రం ఇచ్చాడు. ఆ అక్టోబరుతో ఉద్యోగం ముగిసింది. 1987లో అమెరికా తపాలాశాఖ అదే ఫాక్నర్ బొమ్మతో 22 సెంట్ల స్టాంపు వేసి, ఆ ఊళ్లోనే విడుదల చేసింది! (చప్పట్లు) మన శాఖకు క్షమాగుణం ఎక్కువని అక్కడే తెలిసింది.

నవ్వుకున్నాం, బాగుంది. కాని ముప్ఫై ఆరేళ్లు కౌంటరు వెనక కూర్చున్నవాణ్ణి కనుక నాకు ఒకటి తోచింది. ఆ మూడేళ్లు ఉత్తరంకోసం వచ్చి నిలబడి, నిలబడి వెళ్లిపోయినవారి పేర్లు ఎవరికీ తెలియవు. కౌంటరుకు ఇవతల ఉన్న మనిషి బద్ధకస్థుడైతే అవతలి మనిషికి కలిగేది ఇబ్బంది. అదే కౌంటరు మనసులో ద్వేషం పెట్టుకుంటే ఏమవుతుందో మరునాడు చూశాను.

ఆదివారం విశ్వవిద్యాలయమంతా తిరిగాం. ఆఫీసులకు సెలవు. అక్కడ లైసియం అని 1848నాటి భవనం, ముందు తెల్లటి స్తంభాలు. ఆ భవనం వెనక, గ్రంథాలయానికి ఇవతల, ఒక రాతి తోరణం. దానివైపు అడుగువేస్తున్నట్టు ఒక నల్లజాతి యువకుడి కంచు విగ్రహం. జేమ్స్ మెరిడిత్. 2006లో ప్రతిష్ఠించారు.

మెరిడిత్ 1933లో మిసిసిపీలోనే పుట్టాడు. వైమానిక దళంలో తొమ్మిదేళ్లు పనిచేసి వచ్చాడు. ఆ విశ్వవిద్యాలయం అప్పటికి నూరేళ్లు దాటినా నల్లవారిని చేర్చుకోలేదు. 1961 జనవరి 21న, అంటే కెనెడీ అధ్యక్షుడుగా ప్రమాణం చేసిన మరునాడు, దరఖాస్తు ఫారం పంపమని మెరిడిత్ ఉత్తరం రాశాడు. ఫారం వచ్చింది, మీ ఆసక్తికి సంతోషం అన్న మర్యాదతో సహా. జనవరి 31న ఫారం నింపి, తాను నల్లజాతి పౌరుణ్ణని స్పష్టంగా రాసి, పంపాడు. ఫిబ్రవరి 4న టెలిగ్రాం వచ్చింది. జనవరి 25 తర్వాత అందిన దరఖాస్తులు పరిశీలించడం లేదని దాని సారాంశం.

మిత్రులారా, మన దేశంలో 2013 జూలైలో టెలిగ్రాం సేవ ముగిసింది గాని, మీలో వేల టెలిగ్రాములు చేతులమీదుగా పంపినవారున్నారు. ఈ టెలిగ్రాంలో ఒక్క తిట్టు లేదు, రంగు ప్రస్తావన లేదు. తేదీ మాత్రమే ఉంది. ఇంకొక నిబంధన చూడండి. దరఖాస్తుతో ఆ విశ్వవిద్యాలయపు పూర్వవిద్యార్థులు అయిదుగురు ఇచ్చిన యోగ్యతాపత్రాలు జతచేయాలి. కాగితంమీద అందరికీ ఒకటే రూలు. కాని పూర్వవిద్యార్థులందరూ తెల్లవారే. నల్లవాడికి ఎవరు రాసిస్తారు? మెరిడిత్ తనకు తెలిసిన అయిదుగురు నల్లజాతి పెద్దమనుషుల పత్రాలు జతచేశాడు. ఇదంతా 1966లో వచ్చిన ఆయన సొంత పుస్తకం ‘త్రీ ఇయర్స్ ఇన్ మిసిసిపీ’లో ఉంది. స్క్వేర్ బుక్స్‌లో అల్లుడు కొనిపెట్టాడు.

కోర్టుకు వెళ్లాడు. కాన్‌స్టెన్స్ బేకర్ మాట్లీ అనే నల్లజాతి మహిళా న్యాయవాది వాదించింది. 1962లో అప్పీలు కోర్టు, ఆపైన సుప్రీంకోర్టు న్యాయమూర్తి ఆయన పక్షాన ఆదేశాలిచ్చారు. గవర్నరు రాస్ బార్నెట్ స్వయంగా అడ్డుపడ్డాడు. ఆ సెప్టెంబరు 30 రాత్రి అల్లర్లు చెలరేగాయి. ఒక ఫ్రెంచి విలేఖరి, ఒక స్థానికుడు తుపాకి గుళ్లకు చనిపోయారు. కేంద్ర ప్రభుత్వం వేల సంఖ్యలో సైన్యాన్ని దింపింది. మరునాడు, అక్టోబరు 1న, మెరిడిత్ లైసియంలోకి వెళ్లి రిజిస్ట్రారు ముందు తన పేరు నమోదు చేయించుకున్నాడు. రక్షకభటుల కాపలాలో చదివి 1963 ఆగస్టులో పట్టా తీసుకున్నాడు. ఒక దరఖాస్తు ఫారం తీసుకోవడానికి అంత సైన్యం కావలసి వచ్చింది!

మనవరాలు విగ్రహం చుట్టూ రెండుసార్లు తిరిగింది. “తాతయ్యా, నేనూ ఇక్కడికి అప్లికేషన్ పెడితే కంప్యూటర్లో పది నిమిషాల పని. ఆయనకు ఏడాదిన్నర పైన పట్టిందా?” అంది. పట్టిందమ్మా, ఆయన ముందు నిలబడ్డాడు కనుకనే నీకు పది నిమిషాలు అన్నాను. అదే చెట్ల కింద ఖమ్మంనుంచి వచ్చిన ఇద్దరు కుర్రవాళ్లు తెలుగులో మాట్లాడుకుంటూ ఎదురయ్యారు. వాళ్లకు మిగిలిన పులిహోర పెట్టాం.

ఆ ఊరు తన చరిత్రను దాచిందా అంటే, పూర్తిగా దాచలేదు, పూర్తిగా తేల్చుకోనూలేదు. బానిసత్వాన్ని నిలబెట్టడానికి పోరాడిన దక్షిణాది సైన్యం తాలూకు సిపాయి విగ్రహం ఒకటి 1906నుంచి విశ్వవిద్యాలయం ముంగిట ఉండేది. దాన్ని 2020లో అక్కడి శ్మశానం దగ్గరకు మార్చారు. అలాటిదే ఇంకొకటి చౌకులో కోర్టు ముందు ఉంది. దాన్ని ఉంచాలనే జిల్లా పాలకమండలి అదే ఏడు తీర్మానించింది. ఒకే ఊళ్లో మైలు దూరంలో రెండు నిర్ణయాలు. మన ఊళ్ల చెరువుగట్లు, గుడి మెట్లు, రెండు గ్లాసుల టీ దుకాణాలు ఎరిగినవాళ్లం కనుక ఇది మనకు వింతగా తోచనక్కరలేదు.

నేను తెచ్చుకున్న మాట ఒక్కటే. మనిషిని గుమ్మం బయట నిలబెట్టడానికి గట్టిగా అరవనక్కరలేదు. ఒక తేదీ, ఒక జతపత్రం, ఒక సంతకం చాలు. రూలు మంచిదా చెడ్డదా అన్నది చదివితే తెలియదు. దాన్ని పట్టుకుని నిలబడ్డ మనిషి ఎవరు, ఎవరు లోపలికి రాగలిగారు, ఎవరు తిరిగి వెళ్లారు అన్నది చూస్తేనే తెలుస్తుంది.

మనం ఇప్పుడు కౌంటరుకు అవతలివైపు నిలబడ్డాం. మన సహోద్యోగి ఒకాయన పోయాక ఆయన భార్య కుటుంబ పెన్షనుకోసం ఒక కార్యాలయానికి నాలుగుసార్లు తిరిగింది. సర్వీసు పుస్తకంలో వెంకటలక్ష్మి, ఆధార్‌లో లక్ష్మి. ఎవరూ ఆమెను కసురుకోలేదు. చాలా మర్యాదగా తిప్పి పంపారు. 2014లో జీవన్ ప్రమాణ్ వచ్చాక లైఫ్ సర్టిఫికెట్ సులువైందంటున్నారు, నిజమే. కాని ఎనభై ఏళ్ల వేలిముద్ర యంత్రానికి అందకపోతే ఆ పెద్దమనిషి బతికే ఉన్నట్టు ఎవరు చెప్పాలి?

అందుచేత ఈ సభకు నా ప్రతిపాదన. నవంబరు నెలంతా మన సంఘం గదిలో రోజూ ఇద్దరు సభ్యులు రెండేసి గంటలు కూర్చుందాం. ఫారాలు నింపుదాం, పేర్ల తేడాలకు అఫిడవిట్లు రాయిద్దాం. ముఖం గుర్తింపుతో సర్టిఫికెట్ తీసే పద్ధతి మన మనవలకు తెలుసు, వాళ్లనూ కూర్చోబెడదాం. నడవలేనివారి ఇళ్లకు వెళదాం. ఎవరిని ఏ కారణంతో తిప్పి పంపారో తేదీతో సహా ఒక రిజిస్టరులో రాసిపెడదాం. కాగితంతో మూసిన తలుపును మెరిడిత్ కాగితాలు దాచుకునే తెరిపించాడు. మొదటి వారం కూర్చోవడానికి నా పేరు ఇప్పుడే రాసుకోండి. రెండో పేరు ఎవరు ఇస్తారో చేతులెత్తాలని కోరుతున్నాను.