దిక్కులన్నిటిని చూచు కెమెరా

సోంపేటకు తూర్పున బీల గట్టుమీద నిలిచి చూచినవారికి ఒక చిక్కు తెలిసియే యుండును. ఒకవైపు ఉద్దానపు కొబ్బరితోటలు, వాని వెనుక సముద్రము. వెనుదిరిగినచో పడమట మహేంద్రగిరి. నడుమ నీరు, తుంగ, వరిచేలు. వీని నన్నిటిని ఒక్క ఛాయాచిత్రమున చూపుట మామూలు కెమెరాకు సాధ్యము కాదు. తోటను చూపినచో కొండ తప్పిపోవును. కొండను చూపినచో నీరు తప్పిపోవును. చిత్రమున పడని వైపున ఏమున్నదో చూపరికి తెలియదు.

ఈ కొరత తీర్చుటకు పూర్వమే యత్నములు జరిగినవి. 1840 తరువాతి దశకమున పారిస్ నగరమందు ఫ్రెడరిక్ వాన్ మార్టెన్స్ కటకమును ప్రక్కకు త్రిప్పుచు వెడల్పైన చిత్రములు తీసెను. 1904లో అమెరికాలో పేటెంటు పొందిన సర్కట్ కెమెరా, గడియారపు చక్రములవంటి యంత్రముతో తానే తిరుగుచు, పొడవైన ఫిల్మును సన్నని సందు వెనుక జరుపుచుండెడిది. దానితో పాఠశాల బృందమును చిత్రించునపుడు కొంటెకుఱ్ఱడు ఒక కొసన నిలిచి, కెమెరా తన్ను దాటగానే వెనుకనుండి పరుగెత్తి రెండవ కొసకు చేరినచో, ఒకే చిత్రమున రెండుచోట్ల కనబడును. ఈ అల్లరిలోనే మన విషయము దాగియున్నది.

నేటి గీత కెమెరాలో ఫిల్ము లేదు. 1969లో బెల్ ప్రయోగశాలలో విల్లర్డ్ బోయిల్, జార్జి స్మిత్ అను శాస్త్రజ్ఞులు వెలుగును విద్యుత్తుగా మార్చి వరుసగా అందించు సి.సి.డి. సాధనమును రూపొందించిరి. అట్టి సూక్ష్మ గ్రాహకములను ఒకే నిలువు గీతగా పేర్చి కటకము వెనుక నుంచుదురు. రంగుల కొఱకు ఎఱుపు, ఆకుపచ్చ, నీలములకు వేర్వేఱు మూడు గీతలుండును. కెమెరా మోటారుపై మెల్లగా తిరుగుచుండగా ఆ గీత క్షణక్షణమునకు ఒక నిలువు చీలికను చూచి వ్రాసికొనును. చీలిక ప్రక్క చీలిక చేరి దిగంతమంతయు ఒక్క చిత్రమగును. నేతగాడు పోగు ప్రక్క పోగు చేర్చి వస్త్రము నేసినట్లే యిది.

లెక్క వేసి చూతము. కటకపు నాభ్యంతరము 50 మిల్లీమీటర్లు, గ్రాహకపు వెడల్పు మిల్లీమీటరులో వేయింట ఏడు పాళ్లు అనుకొందము. ఒక పూర్తి చుట్టునకు సుమారు 44,900 చీలికలు పట్టును. నిలువున 10,000 గ్రాహకములున్నచో చిత్రమున దాదాపు 45 కోట్ల బిందువులుండును. కిలోమీటరు దూరమున ఒక్కొక్క బిందువు 14 సెంటీమీటర్ల మేర చూపును. దూరపు గట్టున నిలిచిన కొంగ సయితము కొన్ని బిందువులుగా నిలుచును. సెకనుకు 250 చీలికలు తీసినను ఒక చుట్టునకు మూడు నిమిషములు పట్టును. మోటారు వేగము చీలికల వేగముతో సరిపోవలెను. కెమెరా మందముగా తిరిగినచో వస్తువులు ప్రక్కకు సాగును. వేగముగా తిరిగినచో ఇరుకును.

ఆ మూడు నిమిషములలో లోకము ఊరకుండదు. కంచిలి మీదుగా పోవు రైలు కెమెరా తిరుగు దిక్కుననే పోయినచో చిత్రమున సాగును. ఎదురుగా వచ్చినచో కుఱుచయగును. గాలికి ఊగు కొబ్బరిమట్ట మెలికలుగా పడును. నడుమ మబ్బు సూర్యుని కప్పినచో మొదటి చీలికకును, చివరి చీలికకును వెలుగు పొసగదు. కొండ, గట్టు, చెట్టు మొదలు మాత్రము ఉన్నవి ఉన్నట్లే నిలుచును. అందుచేత ఇట్టి చిత్రము కదలనివానికి నమ్మదగిన సాక్షి. కదలువాని విషయమున నెమ్మదిగా చదువవలసిన సాక్షి.

ఆకాశమునుండి కూడ ఇదే ఉపాయముతో భూమిని చూచిరి. 1988 మార్చి 17న ఎగిరిన మన ఐ.ఆర్.ఎస్.-1ఏ ఉపగ్రహమున కెమెరా తిరుగలేదు. ఉపగ్రహ గమనమే గీతను ముందునకు నడపినది. దాని ఒక కెమెరాలో గీతకు 2,048 గ్రాహకములుండెడివి, ఒక్కొక్కటి 72.5 మీటర్ల నేలను చూచెడిది. ఆ చిత్రములు హైదరాబాదు సమీపమున షాద్‌నగరులో అందుచుండెడివి. అంత ఎత్తునుండి నేల విస్తారము తెలియును గాని, గట్టుమీది మనిషికి కనబడు బీల కనబడదు.

ఇది వట్టి వేడుక కాదు. ఈ బీలయందు బొగ్గు విద్యుత్కేంద్రమును నెలకొల్ప తలపెట్టినపుడు, ఇది బంజరా, నీటినేలయా యను వాదము పుట్టినది. 2010 జూలై 14న జరిగిన పోలీసు కాల్పులలో ప్రాణములు పోయినవి. ఆ దినముననే జాతీయ పర్యావరణ అప్పిలేటు సంస్థ ఆ కేంద్రమునకిచ్చిన అనుమతిని రద్దుచేసినది. ఇట్టి తగవులో ఒక్క వైపు చూపు చిత్రము చాలదు. చుట్టునంతటిని చూపు చిత్రమును చాలదు; ఏలయన అది దిక్కులన్నిటిని పట్టినను ఋతువులన్నిటిని పట్టలేదు. వేసవిలో ఎండిన మూల, వానలు నిండిన పిదప చెఱువువలె నుండవచ్చును.

కావున ఒకే గట్టున, ఒకే గుర్తురాతిపై కెమెరాను నిలిపి, వేసవిని, వానకాలమున, కోతలనాటికి చుట్టు త్రిప్పి చిత్రములు తీయవలెను. తేదీని, మొదటి చీలిక తీసిన వేళను, తిరిగిన దిక్కును చిత్రముతోపాటు వ్రాసియుంచవలెను. పొలము పత్రముతో పాటు పొలము రూపమును గూడ ముందుతరములవారికి అప్పగించినవారమగుదుము. నేల పలుకలేదు; దాని పక్షమున చెప్పు సాక్ష్యము తప్పులేనిదిగా నుండవలెను.