కెమెరా కొలత, మనిషి తీర్పు



గ్రంథాలయ రజతోత్సవ సభలో కెమెరాను గూర్చి ప్రసంగించుట కొందరకు వింతగా తోచవచ్చును. కాని పుస్తకము మాటను భద్రపరచినట్లే ఛాయాచిత్రము రూపమును భద్రపరచును. మాటను దాచు బాధ్యత వహించిన సంస్థకు రూపమును దాచు బాధ్యతయు కలదు. నేడు దాదాపు ప్రతి ఇంటను చేతి ఫోనులో ఒక డిజిటల్ కెమెరా ఉన్నది. అది వెలుతురును తనంతట తానే కొలుచుకొని, తనంతట తానే చిత్రము తీయుచున్నది. ఇట్టి కాలమున వెలుతురు మోతాదును చేతితో అమర్చుకొను విద్య నేర్వవలసిన పని యేమి అని యువకులు ప్రశ్నించుచుందురు. ఆ ప్రశ్నకు నాకు తోచిన సమాధానమును మీ ముందుంచుటయే ఈ ప్రసంగమున నా ఉద్దేశము.

మొదట మోతాదు అననేమో చూతము. చిత్రము వెలుతురుతో ఏర్పడును. వెలుతురు హెచ్చైన తెల్లబోవును, తగ్గిన నల్లబడును. దీనిని నిర్ణయించునవి మూడు: కటకములోని ద్వారము వెడల్పు, షట్టరు తెరచియుండు కాలము, ఐ.ఎస్.ఓ. అను సంఖ్య. మొదటి రెండింటి సంబంధము మడికి నీరు పెట్టు రైతునకు తెలిసినదే. తూము పెద్దదైన కొంతసేపు చాలును. చిన్నదైన ఎక్కువసేపు కావలెను. మూడవదియైన ఐ.ఎస్.ఓ. కొత్తగా నీటిని తేదు. అందిన కొద్దిపాటి వెలుతురును పెద్దది చేసి చూపును. దానితోపాటు చిత్రములోని నలుసులను గూడ పెద్దవి చేసి చూపును.

ఈ మూడింటిని కలిపి పూర్వపు ఛాయాగ్రాహకులు ఒక సులభ సూత్రము చెప్పుకొనిరి. నిండు ఎండలో ద్వారమును ఎఫ్ 16 వద్ద ఉంచి, ఐ.ఎస్.ఓ. ఎంతయో సెకనులో అన్నవ వంతు కాలము షట్టరు తెరచిన చాలును. ఐ.ఎస్.ఓ. 100 అయినచో సెకనులో 100వ వంతు. ద్వారమును ఎఫ్ 11కు తెరచినచో కాలము సగమై 200వ వంతగును; ఎఫ్ 8కి తెరచినచో 400వ వంతగును. ఏ యంత్రమును లేకున్నను ఈ లెక్కతో మన మౌలాలి గుట్టను మధ్యాహ్నపు ఎండలో చక్కగా చిత్రింపవచ్చును.

సికిందరాబాదు వారికి ఈ విద్య క్రొత్తది కాదు. 1844లో మీరట్ సమీపమున సర్ధానాలో జన్మించిన రాజా దీన్‌దయాళ్, ఆరవ నిజాము మహబూబ్ అలీ ఖానునకు ఆస్థాన ఛాయాగ్రాహకుడై, మన సికిందరాబాదులోనే స్టూడియో నెలకొల్పెను. 1905లో ఆయన మరణించునాటికి కెమెరాలో వెలుతురును కొలుచు సాధనమే లేదు. గాజుపలకకు ఎంత వెలుతురు ఈయవలెనో కన్ను చెప్పవలెను; అనుభవము సరిచూడవలెను. ఆనాటి రాజప్రాసాదములు, సైనిక విన్యాసములు, మనుష్యుల ముఖములు నేటికిని మనకు కనబడుచున్నవన్న, అది ఆ కంటి తీర్పు ఫలితమే.

తరువాత యంత్రము కొలుచుట నేర్చినది. 1938లో కొడాక్ వారి సూపర్ సిక్స్-20 అను కెమెరా మోతాదును తానే అమర్చుకొనెను. 1976లో కానన్ ఏఈ-1 ఈ పనికి మైక్రోప్రాసెసరును వినియోగించెను. 1983లో నికాన్ ఎఫ్ఏ దృశ్యమును భాగములుగా విభజించి, ఒక్కొక్క భాగమును వేరువేరుగా కొలుచు పద్ధతి తెచ్చెను. నేటి ఫోను ముఖములను గుర్తుపట్టును. అనేక చిత్రములను క్షణములో తీసి ఒక్కటిగా కలుపును. ఇది సామాన్యమైన అభివృద్ధి కాదు. దీనిని తూలనాడుట నా అభిమతము కాదు.

కాని యంత్రమునకు ఒక మూల నమ్మకము ఉన్నది. తనకు కనబడు దృశ్యము మొత్తము మీద నడిమి బూడిద రంగుగా నుండునని అది భావించును. ఎదుటనున్నది సున్నపు గోడయో, నల్లని గొంగళియో దానికి స్వయముగా తెలియదు. తెల్లని దానిని చూచి వెలుతురు ఎక్కువైనదని తగ్గించును. నల్లని దానిని చూచి తక్కువైనదని పెంచును. క్రొత్త కెమెరాలు ఈ దోషమును చాలవరకు సవరించుకొనుచున్నను పూర్తిగా తొలగించుకొనలేదు.

మన ఊరిలోనే దీనిని పరీక్షింపవచ్చును. గుట్టక్రింద మహలఖా బాయి చందా సమాధి ఉన్నది. ఉర్దూ కవయిత్రిగా ప్రసిద్ధికెక్కి, 1824లో మరణించిన ఆమె అక్కడనే తన తల్లి ప్రక్కన నిద్రించుచున్నది. ఆ కట్టడపు లేతరంగు గచ్చుగోడలను చిత్రమునిండ నింపి యంత్రమునకు వదలినచో గోడ మాసినట్లు వచ్చును. కెమెరాలో హెచ్చుతగ్గుల మీట ఉండును. దానిని ఒక మెట్టు పైకి జరిపినచో గచ్చు తన అసలు వన్నెతో కనబడును. ఇక కుతుబ్‌షాహీల కాలము నుండి దర్గాను శిరమున దాల్చిన గుట్టను చూడుడు. ఎండ పడిన ఆ బూడిదరంగు రాయి యంత్రము ఊహించుకొను నడిమి రంగునకు చాల దగ్గరగా నుండును. ఆకాశమును చేర్చక ఆ రాయినొక్కదానినే కొలిచి, ఆ లెక్కను చేతితో స్థిరపరచుకొనినచో అదే ఎండలో నున్న గోడకును, చెట్టునకును, మనిషికిని అది సరిపోవును. దుకాణములో కొనవలసిన కొలబద్దను ప్రకృతి మన వాకిటనే నిలిపినది.

ఇప్పుడు అసలు విషయమునకు వత్తును. మనలో చామనచాయ వారు, నల్లని వారు అధికులు. మన పెద్దలకు తెల్లని పంచె, తెల్లని చీర ప్రీతి. అట్టి వృద్ధుని సున్నము వేసిన గోడముందు కూర్చుండబెట్టి మీట నొక్కినచో యంత్రము గోడను చూచును, పంచెను చూచును, వెలుతురు తగ్గించును. పంచె మడతలు ముచ్చటగా వచ్చును; ముఖము నీడగా మిగులును. ఆ ముఖమునే దగ్గరగా తీసినచో తద్విరుద్ధముగా రంగును పలుచన చేయును. కొన్ని ఫోనులు చర్మమును నునుపుచేసి, తెల్లగా మార్చి, దానిని అందమని చూపుచున్నవి. ఒకచోట మనిషి మాయమగుచున్నాడు. వేరొకచోట మరియొక మనిషి అగుచున్నాడు. పదేండ్ల తరువాత మనుమనికి తాతగారి జ్ఞాపకముగా మిగులునది ఆ ఒక్క చిత్రమే అయినచో ఈ నష్టము ఎట్టిదో ఆలోచింపుడు.

దీనికి ఉపాయమున్నది. ముఖమును కొలిచి మోతాదు అమర్చుకొనవలెను. కాని అప్పుడు తెల్లని పంచె వెలిసిపోవచ్చును. డిజిటల్ కెమెరాలో సెన్సారు పట్టగలిగినంత నిండిన తరువాత వచ్చిన వెలుతురు నమోదు కాదు. ఆ తెలుపులోని వివరమును పిమ్మట ఏ విద్యచేతను తిరిగి తేలేము. నీడలోని వివరమును మాత్రము కొంతవరకు, నలుసులతో సహా, పైకి తీయవచ్చును. అందుచే సాధ్యమైనంతవరకు పెద్దమనిషిని ఎండగోడ ముందునుండి అరుగు నీడలోనికి పిలువుడు. ముఖమునకును వస్త్రమునకును గల వెలుతురు భేదము తగ్గును. అట్లు వీలుకానప్పుడు ఏది విడువవలెను? పంచె మడతనా, కంటి వెలుగునా? యంత్రము సగటు చెప్పగలదు. దేనిని ప్రేమింపవలెనో చెప్పలేదు. ఆ నిర్ణయము మనిషిది. చేతి అమరిక నేర్చుట యన ఆ నిర్ణయమును తన చేతిలో నుంచుకొనుట.

అట్లని అన్నివేళల చేతి అమరికయే మేలని పట్టుపట్టరాదు. మబ్బులు వచ్చిపోవు వేళ, పిల్లలు పరుగులెత్తు వేళ, ఉర్సునాటి సందడిలో మీటలు త్రిప్పుచు కూర్చున్నచో దృశ్యము దాటిపోవును. మౌలాలి స్టేషను గుండా సాగు రైలును నిలిపినట్లు తీయవలెనన్న సెకనులో 500వ వంతునో, అంతకు తక్కువ కాలమునో మనము కోరి, ద్వారపు లెక్కను యంత్రమునకు వదలుట తెలివి. పనిని పంచుకొనుటలో చిన్నతనము లేదు. ఏ పని ఎవరికి ఇచ్చితిమో తెలియకుండుటయే లోపము.

చేతి అమరిక తప్పనిసరియగు పని ఒకటి గ్రంథాలయములోనే ఉన్నది. అది పాత గ్రంథములకు, దస్తావేజులకు ప్రతులు తీయుట. యంత్రమునకు వదలినచో తెల్లని పుట బూడిదరంగు తిరుగును. బొమ్మ ఉన్న పుటకు ఒక మోతాదు, అక్షరములే ఉన్న పుటకు మరియొక మోతాదు వచ్చును. దీపములను కదలకుండ నిలిపి, ఒక పుటను పరీక్షించి, హిస్టోగ్రామ్ అను పటములో తెలుపు కుడి అంచునకు గుద్దుకొనకుండ చూచి, ఆ మోతాదును చేతితో బిగించినచో నూరు పుటలును ఒకే తీరున వచ్చును. చదువరికి కన్ను అలయదు.

యువమిత్రులకు ఒక విన్నపము. ఒకప్పుడు నగరము వెలుపల గ్రామమై, నేడు మహానగరములో కలిసిపోయిన ఈ మౌలాలిలో పాత గోడలు పడిపోవుచున్నవి. పాత మాటలు ఎరిగిన పెద్దలు ఒక్కొక్కరే తరలిపోవుచున్నారు. వారి అనుమతి గొని, వారి ముఖములను వారి రంగుతోనే చిత్రింపుడు. ప్రతి చిత్రమునకు పేరు, స్థలము, తేదీ వ్రాసి గ్రంథాలయమున భద్రపరచుడు. వచ్చు ఉత్సవము జరుపుకొనువారు ఆ చిత్రములను తెరచినప్పుడు, ఆ కన్నులు వారికి స్పష్టముగా కనబడవలెను.