ఒకే పలుకు, రెండు మాటలు



ఫీజు రాయితీ కోసం మన పిల్లలు ఇంగ్లీషులో రాసే అర్జీలు మేము చూస్తూనే ఉంటాం. చాలామంది తడబడేది "ప్రిన్సిపల్" దగ్గరే. చివర ఏ-ఎల్ ఉంటే కాలేజీ అధిపతి, నామవాచకం. "ముఖ్యమైన" అనే విశేషణమూ అదే. ఎల్-ఇ ఉంటే సూత్రం, నియమం. అది ఎప్పుడూ నామవాచకమే. తెలుగులో రెండూ ఒకేలా రాస్తాం, అక్కడే వచ్చింది చిక్కు.

ఉర్దూ చదివినవారికి ఇది కొత్తేమీ కాదు. జోయెతో రాస్తే నజర్ చూపు, జాల్‌తో రాస్తే మొక్కుబడి. చెవికి రెండూ దాదాపు ఒకటే!

"నో" సంగతీ అంతే. ముందు కె ఉంటే తెలియడం, క్రియ; లేకుంటే కాదనడం. ఆ కె పూర్వం ఇంగ్లీషువారు పలికేవారే. నోరు వదిలేసినా కాగితం వదల్లేదు.

అర్జీ ఇచ్చేముందు మాకొకసారి చూపించండి, దిద్దిపెడతాం.