అడిగితేనే అవసరం తెలిసేది
(భివండి పద్మానగర్‌లో మరమగ్గ కార్మికుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఎయిడ్స్ అనగానే మనవాళ్లు తల వంచుకుంటారు, లేదా పక్కవాణ్ణి చూసి నవ్వుతారు. ఈ రెండూ మాని కాసేపు మాట్లాడుకుందాం.

1992లో కలకత్తా సోనాగాచిలో డాక్టర్ స్మరజిత్ జానా బృందం సర్వేకు దిగింది. వడ్డీ వ్యాపారులు, పోలీసుల వేధింపు, పిల్లల చదువు - అక్కడి స్త్రీలు చెప్పుకున్న బాధలు ఇవి. అప్పుల్లో మునిగిన మనిషికి "నిరోధ్ వాడు" అని చెబితే చాలదని తేలింది. తర్వాత ఆ స్త్రీలే ప్రచారకులయ్యారు. 1995లో తమ సొంత సంఘం, పొదుపు సహకార సంఘం పెట్టుకున్నారు.

మనమూ మొన్న ఖానావళుల్లో, గదుల్లో కూర్చుని అడిగాం. మొదటి గదిలోనే ఒక పెద్దాయన కసిరాడు: "సాంచెలు బందయితుంటే నీకీ రోగం ముచ్చటెందుకు?" ఆయన కోపం న్యాయమే. అరగంట తర్వాత ఆయనే అసలు సంగతి చెప్పాడు: పన్నెండు గంటల షిఫ్టువాడు పగలు పరీక్షకు పోతే ఆనాటి కూలి పోయినట్టే. "పోయినా, మరాఠీల అడిగితే ఏం చెప్పాలె?" అన్నాడు మరొకడు. ఒక తమ్ముడు మెట్ల దాకా వెంట వచ్చి మెల్లగా అడిగాడు: "అన్నా, నాకున్నదని తేలితే సేఠ్‌కు చెప్తరా? ఊర్లె మా ఆమెకు తెలుస్తదా?" వంద గోడపత్రికలు అంటించినా ఆ ప్రశ్న మన చెవిన పడేది కాదు.

అతనికి చెప్పిందే మీకూ చెబుతున్నాను. 2017 నాటి చట్టం 2018 సెప్టెంబరు 10 నుంచి అమలులో ఉంది. మన సమ్మతి లేకుండా పరీక్ష చేయరాదు. ఉద్యోగానికి ఆ పరీక్ష షరతు పెట్టరాదు. ఫలితం సేఠ్ చెవిన వేయరాదు. భార్య సంగతి వేరు. ముందు నువ్వే చెప్పమని నచ్చజెబుతారు. నువ్వు చెప్పక, ఆమెకు ప్రమాదం ఉందనిపిస్తే, నీకు తెలిపిన తర్వాత డాక్టరు గానీ కౌన్సెలర్ గానీ ఆమెకు చెప్పవచ్చు. అది న్యాయమే, ఆమెదీ ప్రాణమే కదా!

మందులు 2004 నుంచి సర్కారు కేంద్రాల్లో ఉచితం. రోజూ తప్పకుండా మింగి, రక్తంలో వైరస్ పరీక్షకు అందనంత తగ్గి అలాగే ఉంటే, సంభోగం ద్వారా ఇతరులకు అంటదు. ఈ మాట చాలామందికి కొత్త.

కాబట్టి మన కోరికలు రెండే: సెలవు రోజున బస్తీలోనే పరీక్ష, తెలుగు వచ్చిన కౌన్సెలర్. అర్జీ బల్ల మీద ఉంది, సంతకాలు పెట్టండి. ఆడవాళ్లను మేం అడగలేదు, అది మా లోపం. వచ్చే వారం మన అక్కలిద్దరు ఇల్లిల్లూ తిరుగుతారు. వాళ్లు తెచ్చే మాటలు కూడా చేర్చాకే అర్జీ ఇస్తాం.